వజ్రానికి వర్ణమెక్కడిది?

వజ్రం చరిత్ర అంటే దాన్ని ధరించినవారి చరిత్ర అనే అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. ఏ రాజు కిరీటంలో ఉండేది, ఏ దండయాత్రలో చేతులు మారింది, ఏ వేలంలో ఎంత పలికింది అన్న సంగతులు తెలిస్తే చరిత్ర తెలిసినట్టే లెక్క. నీలం, గులాబి, ఆకుపచ్చ వన్నెల అరుదైన వజ్రాల విషయంలో ఈ ధోరణి మరీ ఎక్కువ. ఒక్కొక్క రాతికి ఒక పేరు, ఒక వంశవృక్షం, ఒక శాపకథ ఉన్నాయి. లేనివాడల్లా ఆ రాతిని మట్టిలోనుంచి పైకి తీసిన మనిషి. వాటిలో ప్రసిద్ధమైనవి కొన్ని మన కృష్ణాతీరంలో దొరికినవి కనుక, ఈ లోపాన్ని గురించి ఆలోచించవలసిన బాధ్యత తెలుగువారికి మరికొంత ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం.

ముందుగా ప్రకృతి చేసిన పని చూద్దాం. వజ్రం కేవలం కర్బనం. శుద్ధమైన వజ్రానికి రంగు లేదు. అత్యల్పంగా బోరాన్ చేరితే నీలివన్నె వస్తుంది. నైట్రోజన్ చేరితే పసుపు. భూగర్భంలోని ఒత్తిడికి స్ఫటికం అమరిక మెలిపడితే గులాబి; చుట్టూ ఉన్న శిలల రేడియోధార్మికత సోకితే ఆకుపచ్చ. నీలివజ్రాలలో కొన్ని 660 కిలోమీటర్లకన్నా లోతున పుట్టినవని 2018లో వెలువడిన పరిశోధన సూచించింది. ఇన్ని పరిస్థితులు ఒకచోట కలియడం అరుదు కనుక అటువంటి రాయీ అరుదే. ఈ అరుదుతనం ప్రకృతిది. దానికి కట్టిన విలువ మాత్రం సమాజానిది. ఈ రెంటినీ ఒకటిగా భావించడంలోనే మన పొరపాటు మొదలవుతున్నది.

మన ప్రాచీనులు వజ్రాల రంగుల్ని బాగా గమనించారు. కౌటిల్యుని అర్థశాస్త్రం పిల్లికన్ను వన్నె, దిరిసెనపూవు వన్నె, గోమూత్రం వన్నె అంటూ వాటిని లెక్కపెట్టింది. కోశాగారం చూసుకునే అధికారికి పనికివచ్చే లెక్క అది. తరువాత 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో మరొక మెట్టు ఎక్కాడు. తెల్లనిది బ్రాహ్మణులకు, ఎర్రనిదీ పచ్చనిదీ క్షత్రియులకు, దిరిసెనపూవు వన్నెది వైశ్యులకు, కత్తివంటి నల్లనిది శూద్రులకు శుభమని చెప్పాడు. రంగుకూ కులానికీ మన భాషలో వర్ణమనే ఒకే మాట ఉండడం ఇక్కడ గమనార్హం. మనుషుల మధ్య తాము కల్పించిన అంతరాన్ని మట్టిలో దొరికిన రాతికి కూడా అంటగట్టి, అది రాతి స్వభావమే అన్నారు. ఈనాడు రత్నపరీక్షకులు రంగు గాఢతనుబట్టి తరగతులు నిర్ణయిస్తున్నారు. ఆ పరీక్ష శాస్త్రీయమే, కాదనను. కాని ఏ రంగు ఎవరికి దక్కాలో నిర్ణయించే అధికారం పురోహితుని చేతినుంచి వేలంపాట వారి చేతికి మారింది, అంతే.

ఇక తవ్వినవారి మాట. 18వ శతాబ్ది తొలిపాదంలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపు అన్నీ మన దేశంనుంచే వెళ్ళేవి. 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనిని వర్ణించాడు. అక్కడ 60,000 మంది పనిచేసేవారన్నాడు. మగవాళ్ళు తవ్వేవారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారు. నీరు ఊరేదాకా పది పన్నెండు అడుగులు తవ్వి, మట్టిని గోడకట్టిన మడిలో పోసి, నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టు చెరిగేవారు. వ్యవసాయం తెలిసిన చేతులే ఆ పనీ చేశాయని ఈ వర్ణన చెప్పకనే చెబుతున్నది.

కూలి ఎంత? రావుల్కొండ అనే మరొక గనిలో పని బాగా తెలిసినవానికే ఏడాదికి మూడు వరహాలని అతడే వ్రాశాడు. 50 మంది కూలీలమీద 12 నుంచి 15 మంది కాపలాదారులు. ఒంటిమీద గోచి తప్ప మరేమీ లేకపోయినా, ఒకడు చిన్న రాతిని కంటికొలికిలో దాచి పట్టుబడ్డాడట. టావెర్నియర్ దీన్ని దొంగతనానికి ఉదాహరణగా చెప్పాడు. నాకు మాత్రం ఇది కూలికి ఉదాహరణగా తోస్తున్నది. ఏడాదికి మూడు వరహాలు చేతిలో పెట్టేచోట మనిషి తన కంటినే సంచీ చేసుకుంటాడు.

టావెర్నియర్ కొనుక్కుపోయిన వాటిలో సుమారు 115 కారట్ల నీలివజ్రం ఒకటి. అది కొల్లూరుదేనని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. 1668లో అతడు దాన్ని 14వ లూయీకి అమ్మాడు. తరువాత ప్రభువర్గంలో స్థానం పొందాడు. 1673లో రాజు దాన్ని తిరిగి చెక్కించాడు. 1792లో విప్లవకాలంలో దొంగలు ఎత్తుకుపోయారు. 1812లో లండనులో తేలిన నీలివజ్రం దాని ముక్కే. దానికే తరువాత హోప్ అన్న యజమాని పేరు వచ్చింది. నేడది 45.52 కారట్ల బరువుతో వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్నది. 1958లో హారీ విన్‌స్టన్ అనే వర్తకుడు పోస్టులో పంపిన కానుక.

ఈ వజ్రానికి శాపముందనీ, టావెర్నియర్ దాన్ని విగ్రహం కంటినుంచి పెకలించాడనీ, అందుకు ఫలితంగా కుక్కలు అతన్ని చీల్చి చంపాయనీ కథ. 20వ శతాబ్ది ఆరంభాన పత్రికలూ వర్తకులూ దీన్ని బాగా ప్రచారం చేశారు. విగ్రహం సంగతికి ఆధారం లేదు. టావెర్నియర్ 80 ఏళ్ళు దాటి బ్రతికి 1689లో మాస్కోలో చనిపోయాడు. శాపకథ వల్ల రాతి ధర పెరిగిందే గాని తరగలేదు. ధనికుని దుఃఖం కథ అవుతుంది. మట్టి మోసిన తల్లి దుఃఖం కథ కాదు. ఈ తేడాను సాహిత్యవిద్యార్థి గమనించకపోతే మరెవరు గమనిస్తారు?

గులాబివజ్రాల చరిత్రా ఇటువంటిదే. 1642లో గోల్కొండలో టావెర్నియర్ చూసిన పెద్ద బల్లపరుపు వజ్రంలోని భాగమే టెహరానులో ఉన్న దరియా-ఇ-నూర్ కావచ్చునని 1965లో కెనడా నిపుణులు తేల్చారు. 1739లో నాదిర్షా ఢిల్లీనుంచి దోచుకుపోయిన సొత్తులో అది ఒకటి. నిజాముల వద్ద ఉన్న 34.65 కారట్ల గులాబివజ్రం 2013లో న్యూయార్కు వేలంలో సుమారు 3 కోట్ల 93 లక్షల డాలర్లు పలికింది. భారతదేశంలో పుట్టిన విటెల్స్‌బాక్ నీలివజ్రాన్ని 2008లో 1 కోటీ 64 లక్షల పౌండ్లకు కొన్న వర్తకుడు, రంగు మరింత తేటపడాలని దాన్ని 35.56 నుంచి 31.06 కారట్లకు చెక్కించాడు. శతాబ్దాల నాటి పనితనం చెరిగిపోయిందని మ్యూజియం పెద్దలు కొందరు బాధపడ్డారు. వారి బాధ న్యాయమైనదే. కొన్నవానికి చరిత్రకన్నా వన్నె ముఖ్యమయింది.

సేకరించేవారు లేకపోతే ఈ రాళ్ళు నిలిచేవా అని ఒక ప్రశ్న రావచ్చు. నిలవడం వేరు, అందరికీ కనిపించడం వేరు. మ్యూజియంలో ఉన్న రాయి పరిశోధకునికి పాఠం చెబుతుంది. ఇనప్పెట్టెలో ఉన్నది ధర మాత్రమే చెబుతుంది. నేను వజ్రాల అందాన్ని నిందించడంలేదు. ఆ అందంలో శ్రమకు రావలసిన వాటా అడుగుతున్నాను.

కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల జలాశయం నీటిలో ఉన్నది. ఆ నీరు పొలాలకు పారుతున్నది గనుక దానికి విచారించనవసరం లేదు. కొల్లూరును ఆ దేశభాషలో 'గని' అంటారని టావెర్నియర్ వ్రాసుకున్నాడు. కూలీలు వాడిన సామాన్యనామాన్ని ఊరిపేరుగా భావించాడు. ఆ 60,000 మందిలో ఒక్కరి పేరూ అతని గ్రంథంలో లేదు; వారి నోటిమాట ఒక్కటి మాత్రం మిగిలింది. మన చరిత్రరచన మొదలు కావలసింది ఆ మాటనుంచే.