తెరచాపమీది సిలువ

ప్రియ చదువరీ, బట్టను చేతితో తడిమి దాని మేలు చెప్పగలవారు మన పోచంపల్లిలో ఇంటింటనున్నారు. ఐదువందల యేండ్ల క్రిందట ఒక పరదేశి అట్టి పరీక్షలో ఓడిపోయెను.

వాస్కో డ గామా అను పోర్చుగీసు నావికుడు 1497 జూలైలో లిస్బనునుండి బయలుదేరి, ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి, 1498 మే నెలలో కాలికట్టు తీరము చేరెను. ఐరోపానుండి ఈ సముద్రమార్గమున మన దేశమునకు మొదట వచ్చినవాడతడే. అచ్చటి రాజైన జామొరినుకు అతడు సిద్ధపరచిన కానుకలలో 12 చారల బట్టలు, 6 టోపీలు, కొంత చక్కెర, నూనె, తేనె ఉండెను. వాటిని చూచి రాజోద్యోగులు నవ్విరి.

1502లో అతడు ఫిరంగులతో మరల వచ్చెను. మక్కానుండి తిరిగి వచ్చుచున్న యాత్రికుల ఓడను పట్టుకొని, తల్లులు బిడ్డలను ఎత్తి చూపి వేడుకొనినను వినక, దానిని కాల్పించెను. ఆ పని చేయించినవాని ఓడల తెరచాపలమీద సిలువ గుర్తుండెను! 1524లో, క్రిస్మసుకు ముందు దినమున, అతడు కొచ్చినులో మరణించెను.

చదువరీ, మన నేతవారు నేయకమునుపే నూలుకు రంగు పట్టింతురు. కాబట్టి బట్టను ఎటు త్రిప్పినను ఆ రంగు కనబడును. మన సిలువ తెరచాపమీదనున్నదా, నూలులోనున్నదా?