ఉప్పులో మందు కలిపిన దీవుల్లో వాచిన కాలు

బోదకాలు అనగానే తెలుగువాళ్లకు గోదావరి జిల్లాల మురుగుకాలవలు, రాత్రిళ్లు కుట్టే దోమలు గుర్తొస్తాయి. బోదకాలు తెచ్చే ఫైలేరియా మీద సిబ్బందికి శిక్షణ ఇచ్చే జాతీయ కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలో పెట్టింది కూడా అందుకే. నికోబార్ దీవుల్లో మాత్రం కథ వేరు. నన్‌కౌరీ, కమోర్తా, కచాల్, తెరెస్సా, చౌరా ఉన్న దీవుల గుంపులో ఈ జబ్బును మోసే దోమ పగలు కుడుతుంది, చెట్టు తొర్రల్లో నిలిచిన వాననీటిలో పెరుగుతుంది. దేశంలో ఈ తరహా ఫైలేరియా ఉన్న చోటు ఇదొక్కటే. అడవిలోనో కొబ్బరితోటలోనో పని చేసుకునేటప్పుడు కుట్టే దోమను దోమతెర ఆపలేదు, ఇంటిగోడలకు కొట్టే మందూ ఆపలేదు. 2004 నుంచి ఊరందరికీ ఏటా మాత్రలు మింగించడం మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 26న సునామీ ఈ దీవులనే చావుదెబ్బ కొట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో మాత్రలతో పాటు వంట ఉప్పులోనే ఫైలేరియా పురుగును చంపే డీఈసీ మందు కలిపి ఇంటింటికీ పంచారు. కూరలో పడే చిటికెడు ఉప్పుతో ఒక జబ్బును తరమాలనుకోవడం సామాన్యమైన ఆలోచన కాదు. దాన్ని అమలుచేసిన వాళ్ల మీద నాకు నిండు గౌరవం ఉంది.

అయితే ఈ చరిత్ర అంతా రక్తం గురించీ దోమ గురించీ రాసుకున్నదే. అప్పటికే వాచిపోయిన కాలు అందులో ఎక్కడా పెద్దగా కనిపించదు. డీఈసీ 1947లో వచ్చింది, మన దేశంలో ఫైలేరియా అదుపు కార్యక్రమం 1955లో మొదలైంది. అప్పటి నుంచీ లెక్కపెట్టింది రాత్రిపూట తీసిన రక్తపు చుక్కల్ని, పంచిన మాత్రల్ని. రక్తంలో పురుగు పోయినా, దెబ్బతిన్న శోషరస (లింఫ్) నాళాలు మళ్లీ మునుపటిలా కావు. ఆ కాలికి ఏం చెయ్యాలో తేల్చింది 1990లలో బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో గెరూసా డ్రెయర్ బృందం. గజ్జల్లో బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రబడి మరింత వాచడం మనవాళ్లకు తెలిసిందే. అలా పదేపదే రావడానికి ముఖ్యకారణం వేళ్ల సందుల్లో ఒరిసిన చర్మం గుండా దూరే బాక్టీరియా అని వాళ్లు గట్టిగా చెప్పారు. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిస్తే జ్వరాలు తగ్గుతాయి, జ్వరాలు తగ్గితే వాపు పెరగడం నెమ్మదిస్తుంది. ఇంట్లో చేసుకునే ఈ సేవను ఇక చేసేదేమీ లేక చేసే ఓదార్పుగా చూసినంతకాలం అది ఎవరికీ నేర్పలేదు. అదే అసలు వైద్యమని ఒప్పుకున్నాక కూడా ప్రపంచమంతటా మాత్రల పంపిణీ ముందు నడిచింది, కాలిసేవ వెనకబడింది.

ఆ వెనకబాటునే ఇప్పుడు క్యాన్సర్ విషయంలో మళ్లీ చూస్తున్నాం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది తెలుగువాళ్లు. వాళ్లలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. పెద్ద చికిత్సకు చెన్నైకో, విశాఖకో సముద్రం దాటాలి. ఓడలో దాదాపు మూడు రోజులు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి పొత్తికడుపులోనో గజ్జల్లోనో శోషరస గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా, కాలి నుంచి పైకి పోవాల్సిన ద్రవానికి దారి మూసుకుపోవచ్చు. వాపు చికిత్స నడుస్తుండగా రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. అప్పటికి డాక్టరు ఒడ్డున, మనిషి దీవిలో. ఇరుగుపొరుగు దాన్ని బోదకాలు అంటారు, లేదా నీరు పట్టిందని చప్పిడి తినమంటారు. ఆమె చీర కుచ్చిళ్లు కిందికి దించుకుని తిరుగుతుంది.

ఈ వాపుకు తొలి గుర్తు చాలా చిన్నది. చెప్పు పట్టీ వదిలిన గాడి సాయంత్రం దాకా పోదు. బొటనవేలి పక్క వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్లతో గిల్లి ఎత్తబోతే మడత పడదు. 1976లో స్టెమ్మర్ అనే వైద్యుడు రాసిపెట్టిన పరీక్ష ఇది, దీనికి యంత్రమేమీ అక్కర్లేదు. శోషరస వాపేనని తేలాక రోజూ కాలు కడిగి, మెత్తని నూలుగుడ్డతో ఒక్కో వేలిసందు అద్ది ఆరబెట్టాలి. పగుళ్లు పడకుండా చర్మానికి నూనో క్రీమో రాయాలి. పడుకునేటప్పుడు మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి, కూర్చున్నప్పుడు మడమను పైకీ కిందికీ ఆడించాలి. కట్టు వేళ్ల దగ్గర మొదలవ్వాలి, పాదం దగ్గర బిగువుగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా. బాగా సాగే గుడ్డ ఇందుకు పనికిరాదు. అంతగా సాగని కట్టు అయితేనే పిక్క కదిలినప్పుడల్లా ఎదురు నిలిచి ద్రవాన్ని పైకి నెడుతుంది. కట్టు కట్టడం ఒకసారైనా తెలిసినవాళ్ల చేత నేర్చుకోవాలి. కాలికి రక్తప్రసరణ సరిగ్గా లేనివాళ్లకూ, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకూ డాక్టరు చూడకుండా బిగించకూడదు.

రెండు జబ్బులూ వేరు కదా, ఒకే గాటన కట్టడమేమిటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. క్యాన్సర్ వాపుకి డీఈసీ పనిచేయదు. పైగా చికిత్సలో ఉన్న మనిషికి వచ్చే ప్రతి వాపూ శోషరసానిది కాదు. ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, జబ్బు తిరగబెట్టి ఉండొచ్చు, కొన్ని కీమో మందులవల్ల ఒంటికి నీరు పట్టొచ్చు. కాబట్టి ముందు పరీక్ష, తర్వాతే కట్టు. చలిజ్వరంతో కాలు ఎర్రబడితే ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. కానీ కారణం తేలాక, నాళం పురుగు వల్ల మూసుకుందా కత్తి వల్ల మూసుకుందా అన్నది చర్మానికి పట్టదు, రెండింటికీ కావలసిన సేవ దాదాపు ఒకటే. ఇంకో అభ్యంతరం మరింత బరువైనది: భారమంతా ఇంటి మీదికి, అంటే చివరికి ఇంట్లో ఆడవాళ్ల మీదికి నెట్టి ప్రభుత్వం చేతులు దులుపుకోదా? నేర్పకుండా వదిలేస్తే దులుపుకున్నట్టే. కాసరగోడులోని అప్లైడ్ డెర్మటాలజీ సంస్థ అలప్పుళ, గుల్బర్గా జిల్లాల్లో ఫైలేరియా రోగులకు శిబిరాలు పెట్టి, ఆయుర్వేదం, యోగా కలిపి, చేతితో చేయించి నేర్పింది. వాపు తగ్గిందని కొలిచి చూపింది. ఇంటిసేవ నిలబడింది వెనక మనిషి ఉన్నాడు గనకే.

అండమాన్ ఉక్కలో కట్టుతో రోజంతా ఉండటం కష్టమన్న మాటా నిజమే. చెమట పట్టిన కట్టు కింద చర్మం మెత్తబడితే మేలుకన్నా కీడే ఎక్కువ. అందుకే ఇక్కడ కట్టుకన్నా ముందు కడగడం, ఆరబెట్టడం. మార్చుకోవడానికి రెండో జత కట్టు ఉండాలి, ఒకటి ఉతికి ఆరేసుకునే వీలుండాలి. ఫైలేరియా కార్యక్రమం కింద బోదకాలు ఉన్నవాళ్లకు ఇచ్చే సంచిలో ఒక టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూతమందు ఉంటాయి. విశాఖ నుంచో చెన్నై నుంచో ఆపరేషన్ చేయించుకుని ఓడ దిగే మనిషికి కూడా అదే సంచి, దానిలో రెండు జతల కట్లు, కొలత తీసి కుట్టిన మేజోడు కలిపి, కాలు వాచకముందే చేతికివ్వాలి.