ఒకే గూట్లో అన్ని కార్డులు

2012 డిసెంబరు 9 నుంచి 12 దాకా కోల్‌కతాలో ఇండోక్రిప్ట్ సదస్సు జరిగింది. గూఢలిపి శాస్త్రం మీద మన దేశంలో ఏటా జరిగే అంతర్జాతీయ సమావేశం అది. ఆ ఏడు అందులో చోటు దక్కిన పత్రాల్లో 'సిప్‌హ్యాష్' ఒకటి. రాసినవాళ్లు జాన్ ఫిలిప్ ఓమసోన్, డేనియల్ బెర్న్‌స్టీన్. మా జంషెడ్‌పూర్ నుంచి కోల్‌కతా పెద్ద దూరమేమీ కాదు. టాటానగర్‌లో పొద్దున్నే బండెక్కితే మధ్యాహ్నానికి హౌరాలో దిగొచ్చు. అయినా ఆ పత్రం గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడుకున్నట్టు లేదు. ఇవాళ పైథాన్, రూబీ, రస్ట్ భాషల్లో రాసిన ప్రోగ్రాముల్లో అందులోని సూత్రం నిమిషానికి కోట్ల సార్లు పనిచేస్తోంది. దాని అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే 1953 దాకా వెనక్కి వెళ్లాలి.

సర్వర్‌ని పడగొట్టడమనగానే మనకి గుర్తొచ్చేది వరద లాంటి దాడి. 2000 ఫిబ్రవరిలో యాహూ, ఈబే, అమెజాన్ సైట్లు అలాగే ఆగిపోయాయి. వేల యంత్రాలు ఒక్కసారిగా మీద పడితే ఎంతటి సర్వరైనా ఉక్కిరిబిక్కిరవుతుంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ రకం కాదు. ఇందులో దాడి చేసేవాడికి సైన్యం అక్కర్లేదు, ఒక పాత మోడెమ్ ఉన్నా చాలు. బలహీనత సర్వర్‌లోనే, అందరూ నమ్మి వాడుకునే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో, ఉచితంగా దొరికే కోడ్‌లో ఉంటుంది.

ఆ బలహీనతకి మూలం, డేటాని చిటికెలో వెతికిపెట్టే హ్యాష్ టేబుల్. దాని ఆలోచన 1953లో ఐబీఎంలో పుట్టింది. హాన్స్ పీటర్ లూన్ అనే ఇంజనీరు సంస్థ లోపల తిప్పిన ఒక నోట్‌లో దాన్ని రాశాడు. కంపెనీ టైం ఆఫీసుని ఊహించుకోండి. గోడకి పది గూళ్లున్నాయి. గుమాస్తా ప్రతి కార్మికుడి కార్డునీ టికెట్ నంబరులోని చివరి అంకెను బట్టి ఒక గూట్లో పెడతాడు. ఎవరి కార్డు కావాలన్నా ఆ ఒక్క గూడు చూస్తే సరిపోతుంది, పని క్షణంలో అయిపోతుంది. అయితే ఇదంతా నంబర్లు అన్ని గూళ్లకీ ఇంచుమించు సమానంగా పడతాయన్న నమ్మకం మీద నడుస్తుంది. ఎవడో పనిగట్టుకుని చివర 7 ఉన్నవాళ్లనే వరసగా పంపాడనుకోండి. కార్డులన్నీ ఒక్క గూట్లోకే చేరతాయి. కొత్త కార్డు వచ్చిన ప్రతిసారీ గుమాస్తా పాతవన్నీ తిరగేయాలి. గూళ్లు తగినన్ని ఉంటే లక్ష కార్డులకి లక్ష పనులతో పోయేది కాస్తా దాదాపు 500 కోట్ల పోలికలవుతుంది.

పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఈ ప్రమాదాన్ని ఒక్క వాక్యంలో ఒప్పుకుని ముందుకి సాగిపోయేవి: చెత్త సందర్భంలో నెమ్మది, సగటున వేగం. ఆదిత్యపూర్ ఎన్ఐటీలో డేటా స్ట్రక్చర్స్ చదివే కుర్రాడైనా పరీక్షలో అదే రాస్తాడు, మార్కులు పడతాయి. అసలు తిరకాసంతా ఆ 'సగటు'లోనే ఉంది. వచ్చే డేటా తనంతట తాను వస్తుందనుకుంటేనే సగటుకి అర్థం. డేటాని శత్రువు ఎంచి పంపుతుంటే అక్కడ సగటు అనేదే ఉండదు.

విచిత్రమేమిటంటే రోగం బయటపడడానికి పాతికేళ్ల ముందే మందు తయారైంది. 1977లో ఐబీఎంలోనే లారీ కార్టర్, మార్క్ వెగ్‌మన్ ఒక పత్రం రాశారు. గూడు ఎంచే సూత్రం ఒక్కటే ఉండకూడదన్నారు. ఒక కుటుంబంలోని ఎన్నో సూత్రాల్లోంచి ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ ఏదో ఒకదాన్ని యాదృచ్ఛికంగా తీసుకోవాలన్నారు. ఏ సూత్రం నడుస్తోందో బయటివాడికి తెలియనప్పుడు ఏ కార్డు ఏ గూటికి వెళ్తుందో వాడు ముందే లెక్క కట్టలేడు. గణితవేత్తలు మెచ్చుకున్నారు. లైబ్రరీలు రాసేవాళ్లకి మాత్రం అది అనవసరపు బరువుగా తోచింది. తప్పుపట్టలేం కూడా. 1980లలో ఒక యంత్రంలో పనిచేసేది నలుగురు సహోద్యోగులే, వాళ్లలో ఎవడు శత్రువవుతాడు?

2003 ఆగస్టులో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ నుంచి స్కాట్ క్రాస్బీ, డాన్ వాలక్ ఈ బలహీనతని చేసి చూపించారు. నెట్‌వర్క్‌లో వచ్చే పోయే ప్యాకెట్లపై నిఘా పెట్టే 'బ్రో' అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని (ఇప్పటి పేరు జీక్) ఎంచుకున్నారు. డయలప్ మోడెమ్ కంటే తక్కువ వేగంతో, ఏరికోరి తయారు చేసిన ప్యాకెట్లను ఆరు నిమిషాలు పంపారంతే. సీపీయూ మొత్తం దానికే ఖర్చయిపోయింది. వచ్చే ప్యాకెట్లలో 71 శాతం దాకా బ్రో వదిలేసింది. కాపలావాడే ముందు పడిపోయాడన్నమాట. పెర్ల్ భాషలోని హ్యాష్ టేబుళ్లూ ఇలాగే లొంగుతాయని వాళ్లు చూపించారు. పరిష్కారంగా చెప్పింది మళ్లీ కార్టర్, వెగ్‌మన్‌ల దారినే.

పెర్ల్ వాళ్లు వెంటనే విన్నారు. అదే ఏడు సెప్టెంబరులో వచ్చిన 5.8.1 వెర్షన్‌లో సూత్రానికి యాదృచ్ఛికతను జోడించారు. పైథాన్ వాళ్లు చర్చించి ఊరుకున్నారు. పీహెచ్‌పీ, జావా, మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్‌నెట్ అన్నీ ఎనిమిదేళ్లు అలాగే నడిచాయి. నా దృష్టిలో ఈ కథలో అసలు నేరం ఈ ఎనిమిదేళ్లే. రహస్యంగా దాగిన లోపమేమీ కాదిది. పేరున్న సదస్సులో అచ్చయి, ఎవరైనా చదువుకోగలిగేలా ఉన్న విషయం.

2011 డిసెంబరు 28న బెర్లిన్‌లో అలెగ్జాండర్ క్లింక్, జూలియన్ వేల్డె అనే ఇద్దరు జర్మన్లు వేదికెక్కి ఆ పాత పత్రాన్నే వెబ్ భాషల మీదికి తిప్పారు. వెబ్‌సైట్‌లో మనం ఫారం నింపి పంపగానే అందులోని గడుల పేర్లన్నిటినీ భాష తనంతట తానే ఒక హ్యాష్ టేబుల్‌లో పెడుతుంది. ప్రోగ్రామర్ రాసిన మొదటి వరుస నడవకముందే ఇది జరిగిపోతుంది. కాబట్టి అతను ఎంత జాగ్రత్తపరుడైనా ప్రయోజనం లేదు. దాదాపు 500 కిలోబైట్ల ఫారం ఒకటి పంపితే అప్పటి మంచి ప్రాసెసర్ మీద పీహెచ్‌పీ ఒక నిమిషం పాటు మరే పనీ చేయలేకపోయింది. సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటో కూడా అంతకంటే పెద్దదే ఉంటుంది.

జావా సంగతి ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఇంగ్లీషు పెద్ద 'ఏ'కి సంకేత సంఖ్య 65, చిన్న 'ఏ'కి 97, పెద్ద 'బీ'కి 66. మొదటి అక్షరాన్ని 31తో హెచ్చించి రెండోదాన్ని కలపడమే జావా సూత్రం. పెద్ద ఏ, చిన్న ఏ పక్కపక్కన రాస్తే వచ్చేది 2112. రెండు పెద్ద బీలు రాసినా 2112 వస్తుంది. ఈ రెండు జంటలనీ ఎలా మార్చి మార్చి పేర్చినా మొత్తం సంఖ్య ఒకటే. 16 జంటల పొడవున పేరిస్తే 65,536 వేర్వేరు మాటలు తయారవుతాయి, అన్నీ చేరేది ఒకే గూటికి. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. పైగా జావా వాళ్లు ఈ సూత్రాన్ని భాష నియమావళిలోనే అచ్చువేసి మాటిచ్చేశారు కనక దాన్ని మార్చే దారి లేదు. 2014లో జావా 8 వచ్చాక ఒక గూట్లో కార్డులు ఎక్కువైతే వాటిని చెట్టులా పేర్చే ఏర్పాటు చేసి బయటపడ్డారు.

బెర్లిన్ ప్రసంగం అయిన మర్నాడే మైక్రోసాఫ్ట్ నెలవారీ పద్ధతిని పక్కనపెట్టి అత్యవసర పాచ్ విడుదల చేసింది. పీహెచ్‌పీ సూత్రం జోలికి వెళ్లకుండా, ఒక ఫారంలో 1000 గడులకు మించితే తీసుకోనని 2012 జనవరిలో హద్దు పెట్టింది. తొందరలో రాసిన ఆ కొత్త కోడ్‌లోనే మరో లోపం దొర్లింది. అది ఏకంగా సర్వర్‌ని పరాయివాడి చేతుల్లో పెట్టేంత పెద్దది. ఫిబ్రవరిలో దానికి మళ్లీ పాచ్ వేయాల్సి వచ్చింది. ఆ ఏడాది పైథాన్ కూడా యాదృచ్ఛికత తెచ్చుకుంది గానీ అందులో బలం లేదు. రూబీ అప్పట్లో వాడిన మర్మర్‌హ్యాష్ సూత్రమైతే రహస్య సంఖ్య కలిపినా కూలుతుందని 2012లోనే ఓమసోన్, బెర్న్‌స్టీన్, మార్టిన్ బోస్లెట్ చూపించారు.

సిప్‌హ్యాష్ పుట్టింది ఈ అవసరంలోంచే. గూఢలిపికి ఉండే గట్టిదనం కావాలి, హ్యాష్ టేబుల్ తట్టుకోగలిగినంత వేగమూ ఉండాలి. ఈ రెండూ ఒక్కచోట కుదిరిన సూత్రం అది. పీహెచ్‌పీలో కూలిన సూత్రం పేరు సోర్స్ కోడ్‌లోనే 'డీజేబీఎక్స్33ఏ' అని ఉంటుంది. డేనియల్ జె. బెర్న్‌స్టీన్, 33తో హెచ్చింపు అని దాని అర్థం. కొత్త మందు రాసినవాళ్లలో ఒకరూ ఆయనే! పాత సూత్రం ఆయన ఎప్పుడో చిన్న పనులకి వాడినది. లోకం దాన్ని ఎత్తుకెళ్లి ఇంటర్నెట్ ముఖద్వారంలో నిలబెడితే అందుకు ఆయన్ని అనడం న్యాయం కాదు.

తక్కువ డేటాతో సర్వర్‌ని పడగొట్టే ఈ లోపాల వంశంలో మరికొన్ని కొమ్మలున్నాయి. ఎక్స్ఎంఎల్ కొమ్మ ముచ్చట చిన్నది. ఒక కిలోబైటు కూడా లేని ఫైలు, విప్పేకొద్దీ పదింతలు పదింతలుగా పెరిగి గిగాబైట్ల మెమరీని మింగుతుంది. 2003 నాటికే ఇది బయటికి తెలిసిన సంగతి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల కొమ్మ ఇంకాస్త బాధాకరం. అక్షరాల వరసలో నమూనాను వెతికే పనికి 1968లోనే కెన్ థాంప్సన్ ఎప్పుడూ మొరాయించని పద్ధతి ఇచ్చాడు. 1986లో హెన్రీ స్పెన్సర్ అందరికీ పంచిన లైబ్రరీ మరో దారి పట్టింది. ప్రయత్నించడం, కుదరకపోతే వెనక్కి రావడం దాని పద్ధతి. వాడుకకి సుఖంగా ఉంది కనక పెర్ల్ దాన్ని తీసుకుంది, మిగతావాళ్లు పెర్ల్ వెనక నడిచారు. 2016 జూలై 20న ప్రోగ్రామర్ల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయింది. దాడి జరగలేదు, ఎవరో రాసిన పోస్టులో 20,000 ఖాళీలు వరసగా పడ్డాయంతే. 2019 జూలై 2న, వెబ్‌సైట్లకి కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తన రక్షణ నియమాల్లో చేర్చిన ఒకే ఒక్క నమూనా ప్రపంచంలో ఎన్నో సైట్లని 27 నిమిషాలు మూతపెట్టింది. ఆ తర్వాత ఆ సంస్థ థాంప్సన్ దారికే మళ్లింది.

గణితమూ మోసం చేయగలదు. 2022 మార్చిలో, ఇంటర్నెట్ సంభాషణలని గుప్తంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో బయటపడిన లోపంలో వర్గమూలం లెక్క కట్టే కోడ్, తనకిచ్చినది ప్రధాన సంఖ్యేనని నమ్మి పనిచేసేది. అలా కాని సంఖ్య ఉన్న నకిలీ సర్టిఫికెట్ ఇస్తే ఎప్పటికీ తేలని చక్రంలో పడిపోయేది. ఆ ఏడు జనవరిలోనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ 'కలర్స్'ని దాన్ని రాసిన మనిషే కావాలని అంతులేని చక్రంలో తిప్పాడు. తన ఉచిత శ్రమ మీద పెద్ద కంపెనీలు బతుకుతున్నాయన్నది ఆయన కోపం. కోపం అర్థమవుతుంది, పద్ధతి మాత్రం సమర్థించలేం. దెబ్బ చిన్నవాళ్లకీ తగిలింది.

ఉక్కు ఊళ్లో కూర్చుని ఇదంతా ఎందుకంటారా? 2021లో ప్రపంచ ఆర్థిక వేదిక జంషెడ్‌పూర్ టాటా స్టీల్ ప్లాంటుని డిజిటల్ పద్ధతులకి 'లైట్‌హౌస్'గా గుర్తించింది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తాతలు ఈ ఊరికి కొలిమి పనికి వస్తే, మనవళ్లలో కొందరు కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. కదమాలో చిన్న దుకాణానికి వెబ్‌సైట్ పెట్టే కుర్రాడు కూడా ఈ లైబ్రరీల మీదే నిలబడ్డాడు. మన ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షన్ ఎఫ్ క్లాజు ప్రకారం హక్కున్నవారికి కంప్యూటర్ అందకుండా చేయడం తప్పు. ఇలాంటి ఘటనలను 6 గంటల్లోగా తెలియజేయాలని కంప్యూటర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. చట్టం దాడి చేసినవాడిని చూస్తుంది, దెబ్బతిన్న సంస్థని అడుగుతుంది. లైబ్రరీ రాసినవాడికి జీతం ఎవరిస్తున్నారన్న ప్రశ్న దానికి తట్టదు.

ఇప్పుడు రోగం తిరగబడింది. ఒకప్పుడు హెచ్చరించినా వినేవాడు లేడు. ఇప్పుడు హెచ్చరికలు కుప్పలుగా పడుతున్నాయి. ప్రతి చిన్న నెమ్మదికీ ఒక సీవీఈ నంబరు (బయటపడిన లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) సంపాదించి తన రెజ్యూమేలో రాసుకునేవాళ్లు తయారయ్యారు. ఎవరూ బయటినుంచి అందుకోలేని చోట ఉన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ని కూడా 'తీవ్రం' అని ముద్రవేస్తున్నారు. 2025 జూన్‌లో, ఎక్స్ఎంఎల్ ఫైళ్లు చదివే లైబ్రరీ లిబ్‌ఎక్స్ఎంఎల్2ని జీతం లేకుండా చూసుకుంటున్న వ్యక్తి, ఇకపై భద్రతా లోపాలను రహస్యంగా ఉంచి ప్రత్యేకంగా చూడనని, మిగతా బగ్గుల్లాగే చూస్తానని తేల్చిచెప్పాడు. ఆ లైబ్రరీ లోకంలోని ఎన్నో ఫోన్లలో, కంప్యూటర్లలో ఉంది. ఆయన మాటలో నాకు తప్పు కనిపించలేదు.

వెబ్‌సైట్లు నడిపే మన పిల్లలకి ఒక్క మనవి. బయటినుంచి వచ్చే ప్రతిదానికీ పరిమాణం మీదా, సమయం మీదా హద్దు పెట్టండి. మీ ప్రోగ్రాం ఏ లైబ్రరీల మీద నిలబడిందో జాబితా రాసుకుని వెర్షన్లు చూసుకోండి. లోపం కనిపిస్తే నంబరు కోసం పరుగెత్తే ముందు దాన్ని సరిచేసే నాలుగు వరుసలు రాసి పంపండి. మీ కంపెనీకి డబ్బుంటే అందులో కొంత ఆ లైబ్రరీని కాపాడుతున్న మనిషికి పంపించమని యాజమాన్యాన్ని అడగండి.