పట్టాలో కొడుకు, పాన్‌లో ఎవరు?

ఆదోని, బళ్ళారి పక్క మాదిగ, బోయ ఇండ్లల్లో మగబిడ్డ లేకపోతే ఆడపిల్లను బసివిగా విడిచేవాళ్ళు. ఆ పిల్ల ఇక కొడుకు లెక్క. తల్లిదండ్రులకు తలకొరివి పెడుతుంది, ఆస్తి అందుకుంటుంది. 1909లో థర్‌స్టన్ అచ్చేసిన కులాల సంపుటాల్లో బసివుల ప్రస్తావన ఉంది. దీన్ని చూసి మురిసిపోయే పండితులున్నారు. ఆ 'కొడుకు' హోదాకు దళిత ఆడపిల్ల శరీరమే వెల అని, 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చిందని వాళ్ళు చెప్పరు. అయినా పుట్టుకలో ఒక లింగం, వారసత్వం లెక్కలో మరో లింగం అన్నది సీమకు కొత్త కాదని మాత్రం ఒప్పుకోవాలి.

కడప 1800లో నిజాం నుంచి కంపెనీకి పోయింది. కర్నూలు 1839 దాకా నవాబుది. మన్రో రైతువారీలో సర్కారు రైతును పేరు పెట్టి శిస్తు అడిగింది. మాలమాదిగలకు ఆ పుస్తకంలో చోటు తక్కువే. హిజ్రాలను పుస్తకంలోకి ఎక్కించింది శిస్తు కోసం కూడా కాదు, పోలీసుల కోసం. ఉత్తరాదిన 1871 నేరస్థ జాతుల చట్టం, హైదరాబాదులో 1919 నాటి నిజాం చట్టం వాళ్ళకు రిజిస్టర్లు పెట్టించాయి. రెండోదాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో గానీ కొట్టెయ్యలేదు.

ఇప్పటి పుస్తకం పాన్. 2018 ఏప్రిల్ దాకా దరఖాస్తులో మగ, ఆడ రెండే గళ్ళు. ఆధార్‌లో మూడోది అప్పటికే ఉంది. రెండూ కలవక జోడింపు కుదరలేదు. పట్నా కార్యకర్త రేష్మా ప్రసాద్ సుప్రీంకోర్టుకు పోయింది ఇందుకే. మూడో గడి వచ్చింది. కలెక్టరిచ్చే గుర్తింపు పత్రం పాన్‌కు చాలునని కేంద్రం కోర్టులో ఒప్పుకునేసరికి 2024 అయింది.

ఒక మాట. మారేది పేరు, లింగం. పాన్ నెంబరు మారదు. పాత రిటర్నులు, కోసిన టీడీఎస్ అన్నీ దాని కిందే ఉంటాయి. కొత్త పాన్ తీసుకొమ్మని ఎవరన్నా చెప్తే వినొద్దు, రెండు ఉంటే పదివేలు జరిమానా.

పేదోళ్ళకు పాన్ ఎందుకంటారా? ఫీజు కింద వచ్చే డబ్బు పరిమితి దాటితే, పాన్ చెల్లనివాళ్ళకు ఇరవై శాతం కోసేస్తారు. ఆధార్‌తో జోడించని పాన్లు 2023 జూలై 1 నుంచి చెల్లకుండా పోయాయి. పన్ను కట్టే పనిలేని మనిషి సొమ్మే ఇట్లా సర్కారు దగ్గర ఇరుక్కుంటుంది.

దళిత బిడ్డకు ఇంకో ముడి ఉంది. కులపత్రం పుట్టుక పేరుతో, పాన్ కొత్త పేరుతో. ఇద్దరూ ఒకరేనని రుజువు చెయ్యాలంటే, తరిమేసిన వాడకే తిరిగిపోయి సాక్ష్యం అడుక్కోవాలి. 2014 నాల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన తరగతిగా చూడమంది. అట్లయితే మాదిగ ట్రాన్స్ మహిళ ఎస్సీ హక్కు వదులుకోవాలా? తమిళనాట గ్రేస్ బాను సమాంతర రిజర్వేషన్ అడిగింది అందుకే. కర్ణాటక 2021లో ఒక శాతం అట్లా ఇచ్చింది కూడా.

2020 కేంద్ర నిబంధనల జాబితాలో పాన్ పక్కనే కులపత్రమూ ఉంది, దరఖాస్తు పెట్టిన పదిహేను రోజుల్లో మార్చాలని రాసి ఉంది. కర్నూలు, కడప తహశీల్దార్ల బల్ల మీద ఆ పేజీ పెట్టి అడగాల్సింది మనమే.