కనబడే అక్షరం: చిన్న సంస్థల వెబ్‌సైట్ల రూపకల్పన చరిత్ర

స్విట్జర్లాండులోని జెనీవా నగర శివార్లలో ఉన్న సెర్న్ అనే అణుభౌతిక పరిశోధన సంస్థ, తన వద్ద పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్ లీ రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్‌ను ఎవరైనా రుసుము చెల్లించకుండా వాడుకోవచ్చునని 1993 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఆనాడు వెబ్‌కు గట్టి పోటీగా ఉన్న గోఫర్ అనే సమాచార వ్యవస్థను నిర్మించిన మిన్నెసోటా విశ్వవిద్యాలయం, అదే సంవత్సరం ఆరంభంలో కొందరు వినియోగదారుల నుంచి లైసెన్సు రుసుము వసూలు చేయదలచినట్లు తెలియజేయడంతో, చాలామంది గోఫర్‌ను విడిచి వెబ్ వైపు మొగ్గారు. ఈ పరిణామాన్ని పెద్ద కంపెనీల ఎదుగుదలకు పునాదిగా వర్ణించడం పరిపాటి అయినప్పటికీ, పత్రికలో ప్రకటన వేయించుకునే స్తోమత లేని చిన్న దుకాణాలకూ, క్రీడా సంఘాలకూ, సాహిత్య సమితులకూ లోకమంతటికీ కనబడే చిరునామా తొలిసారి దొరికింది అప్పుడే. అయితే ఆ చిరునామా వాటికి ఎంతవరకు ఉపయోగపడిందన్నది పుటను ఏ తీరున కూర్చారన్న దానిమీద ఆధారపడింది. గడచిన ముప్పై ఏళ్ళను ఆ దృష్టితో పరిశీలిస్తే, ఒక్కో కాలంలో గొప్పగా తోచిన రూపకల్పన పద్ధతులు చిన్న సంస్థలనే ఎక్కువగా దెబ్బతీశాయని, వాటికి పుటను మళ్ళీ మళ్ళీ కట్టించుకునే శక్తి లేకపోవడమే ఇందుకు కారణమని తెలుస్తుంది.

అమెరికాలో 1994లో ఆరంభమైన జియోసిటీస్ అనే సేవ, సామాన్యులకు ఉచితంగా పుటలు పెట్టుకునే చోటు ఇచ్చి, వాటిని విషయాన్ని బట్టి పేటలుగా విభజించింది. కదిలే బొమ్మలు, కళ్ళు చెదిరే నేపథ్య రంగులు, వచ్చిపోయేవారిని లెక్కించే అంకెలు, ‘నిర్మాణంలో ఉంది’ అనే ఫలకాలు ఆ పుటల లక్షణాలు. తరువాతి తరం రూపశిల్పులు వాటిని చిన్నచూపు చూశారు గాని, ఆ విమర్శ సగమే న్యాయమైనది. రంగుల ఆర్భాటం ఆ పుటల అసలు లోపం కాదు. సంఘం ఏ ఊరిదో, ఎప్పుడు సమావేశమవుతుందో, ఎవరిని సంప్రదించాలో చెప్పే నాలుగు వాక్యాలు అనేక పుటల్లో కనబడకపోవడమే లోపం.

వెబ్‌సైటు రూపకల్పన ఒక వృత్తిగా నిలదొక్కుకున్నది 1990ల నడుమనే. పుటకు నిర్మాణాన్నిచ్చే హెచ్‌టీఎంఎల్ అనే గుర్తుల భాష, శీర్షిక ఏదో పేరా ఏదో సూచించడానికి పుట్టినదే తప్ప అలంకరణకు పుట్టినది కాదు కనుక, ముద్రణారంగం నుంచి వచ్చిన రూపశిల్పులు అంకెల కోసం ఉద్దేశించిన పట్టికల గడుల్లో వచనాన్నీ చిత్రాలనూ ఇరికించి, కంటికి కనబడని ఒక్క చుక్క వెడల్పు గల చిత్రాలతో ఖాళీలు సర్దేవారు. డేవిడ్ సీగెల్ 1996లో వెలువరించిన పుస్తకం ఈ ఉపాయాలకు విస్తృత ప్రచారం కల్పించింది. పుట చూడడానికి ముచ్చటగా ఉండేది, కాని ఫోను నంబరు మారిందంటే ఆ గడుల చిక్కులోంచి దాన్ని వెతికి సవరించడం సంఘ కార్యదర్శి వల్ల అయ్యేది కాదు. మళ్ళీ రూపశిల్పిని పిలిచి డబ్బు చెల్లించాలి. అలంకరణను విషయం నుంచి విడదీసి వేరే చోట రాసుకునే సీఎస్ఎస్ అనే పద్ధతిని హోకన్ వియుమ్ లీ 1994లోనే ప్రతిపాదించగా, 1996 డిసెంబరులో అది ప్రమాణంగా వెలువడినా, పుటను తెరపై చూపే సాఫ్ట్‌వేర్లయిన బ్రౌజర్లు దాన్ని సరిగా పాటించడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

తెలుగు సంస్థలకు ఈ సమస్యలన్నింటినీ మించిన మరో సమస్య ఎదురైంది. భారతదేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా ఇంటర్నెట్ ప్రజలకు అందుబాటులోకి వచ్చేనాటికి, ప్రపంచ భాషల అక్షరాలకు వేర్వేరు సంకేతాలు కేటాయించే యూనికోడ్ తొలిసారి 1991లో వెలువరించిన ప్రమాణంలో తెలుగుకు స్థానం ఉన్నప్పటికీ, మామూలు కంప్యూటర్లలో దాన్ని చదివే ఏర్పాటు లేదు. ఉత్తర అమెరికాలోని తానా వంటి ప్రవాస సంఘాల సభ్యులు మొదలుకొని స్వదేశంలోని చిన్న ప్రచురణకర్తల వరకు అందరికీ, తెలుగును తెరమీదికి తేవడానికి మూడు దారులే ఉండేవి. మొదటిది, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ప్రసిద్ధమైన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగును రోమన్ లిపిలో రాయడం. రెండవది, తెలుగు వచనాన్ని బొమ్మగా మార్చి పుటలో అతికించడం. ఆనాటి టెలిఫోను మోడెం సెకనుకు 56 కిలోబిట్ల అత్యధిక వేగంతో పనిచేసినా, 100 కిలోబైట్ల బొమ్మ దిగడానికి దాదాపు 14 సెకన్లు పట్టేది, ఆచరణలో అంతకంటే ఎక్కువే.

మూడవ దారి సొంత ఫాంట్లది. దీని ప్రభావం మిగిలిన రెంటికంటె దీర్ఘకాలం నిలిచింది. ఫాంటు అంటే అక్షరాల ఆకారాలను నిలువజేసే ఫైలు. ఆనాటి ఫాంట్లలో 256 స్థానాలే ఉండేవి కాబట్టి, తెలుగు అచ్చులను, హల్లులను, గుణింతపు గుర్తులను, ఒత్తులను ముక్కలుగా విడగొట్టి, ఇంగ్లీషు అక్షరాలకూ ఐరోపా భాషల గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో కూర్చేవారు. ప్రతి సంస్థా తనకు తోచిన వరుసలో కూర్చినందువల్ల ఒకరి ఫాంటుతో మరొకరి పుట చదవడానికి వీలయ్యేది కాదు. ఫాంటు లేని కంప్యూటరులో పుటంతా అర్థంలేని రోమన్ గుర్తుల గుంపుగా కనబడేది. పుటతోపాటు ఫాంటు దానంతటదే దిగివచ్చే సదుపాయాన్ని 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగవ వెర్షను ఇచ్చినా, అది ఆ బ్రౌజరుకే పరిమితం కావడంతో, ఫైర్‌ఫాక్స్ అనే మరో బ్రౌజరు వాడేవారు ఇటువంటి పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే ఉపకరణాన్ని ఆశ్రయించవలసి వచ్చింది.

చదివే మనిషికి కలిగిన ఇబ్బంది ఒక ఎత్తు కాగా, సెర్చ్ ఇంజన్లకు ఆ పుటలు అందకపోవడం మరో ఎత్తు. లక్షల పుటలను చదివి పదాల సూచిని తయారుచేసే సెర్చ్ ఇంజనుకు అక్షరాల ఆకారంతో నిమిత్తం లేదు, వాటి వెనుక ఉన్న సంకేతాలే దానికి ఆధారం. ఆ సంకేతాలు రోమన్ గుర్తులవైనప్పుడు, పుటలో ‘పోచంపల్లి చీరలు’ అని తెలుగులో ఎంత అందంగా కనబడినా, ఆ మాటలతో వెతికినవారికి ఆ పుట దొరకదు. పెద్ద పత్రికను పాఠకుడు పేరుతో వెతుక్కుంటాడు గనుక దానికి కలిగే నష్టం తక్కువ. పేరు తెలియని నేత సహకార సంఘాన్ని గాని, మండల కేంద్రంలోని నాటక సమాజాన్ని గాని పాఠకుడు చేరగలిగేది విషయం ద్వారానే కాబట్టి, వాటికి ఆ లోపం అజ్ఞాతవాసమే అయింది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి అనే తెలుగు ఫాంటు రావడం, పోతన, వేమన వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ప్రచారం పొందడం, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలవడం ఈ స్థితిని క్రమంగా మార్చాయి. అమెరికాలోని తెలుగువారు 1998లో ఆరంభించిన ‘ఈమాట’ పత్రిక తొలి సంచికలు సైతం నేడు యూనికోడ్‌లో చదవడానికి దొరకడం, ఒక చిన్న సాహిత్య బృందం తన గతాన్ని కాపాడుకోగలదనడానికి మంచి నిదర్శనం.

తెలుగు వికీపీడియా మొదలైన ఆ దశకంలోనే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేరుతో కదిలే ముఖపత్రాలు చేయించుకోవడం హోదాకు గుర్తుగా చెలామణీ అయింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ముగియడంతో, దానిమీదే ఆధారపడిన పుటలు మామూలు బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి.

ఇంతటి అనుభవం తరువాత బయటి రూపం ముఖ్యం కాదని వాదించడం తేలికే గాని, ఆ వాదం నిలవదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బి.జె. ఫాగ్ బృందం 2002లో ప్రకటించిన అధ్యయనంలో 2,684 మంది వెబ్‌సైట్ల విశ్వసనీయతపై అభిప్రాయాలు రాయగా, వాటిలో 46 శాతం సైటు చూపుకు ఎలా ఉందన్న అంశాన్ని ప్రస్తావించాయి. పేరున్న సంస్థకు ఆ పేరే పూచీ. పేరులేని సంస్థ విషయంలో కొత్తగా వచ్చినవాడు పుట పొందికను చూసే నమ్మాలో వద్దో నిర్ణయించుకుంటాడు. కనుక రూపం అవసరమే, అయితే అది విషయాన్ని మోయాలి గాని మింగకూడదు. చూపులేనివారికి పుటను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లకు అనువుగా ప్రతి బొమ్మకూ మాటల్లో వివరణ ఇవ్వాలని 1999 మే నెలలో వెలువడిన సౌలభ్య మార్గదర్శకాలు చెప్పినదీ ఇందుకు అనుగుణమైనదే.

ఫోను తెరలు వ్యాపించాక ఈథన్ మార్కాట్ 2010 మే నెలలో ప్రతిపాదించిన, తెర వెడల్పును బట్టి ఒకే పుట తన అమరికను మార్చుకునే పద్ధతి అంతటా స్థిరపడింది. 2016లో చౌక డేటా వచ్చిన తరువాత తెలుగు నాట ఇంటర్నెట్ అంటే అధికసంఖ్యాకులకు ఫోనే అయింది. రెడీమేడ్ నమూనాలతో ఖర్చు తగ్గింది గాని, రోమన్ లిపి కొలతలకు తయారైన ఆ నమూనాల్లో ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటల ఒత్తులు కింది గీత దగ్గర తెగిపోవడం, అక్షరాల మధ్య ఎడం పెంచినప్పుడు సంయుక్తాక్షరాలు విడిపోవడం నేటికీ కనబడుతూనే ఉన్నాయి. రామభద్ర, మండలి, ధూర్జటి, సురవరం వంటి ఫాంట్లు ఉచితంగా లభిస్తున్న ఈ రోజుల్లో, పంక్తుల మధ్య ఎడాన్ని తెలుగుకు తగినట్లు సర్దకపోవడానికి అశ్రద్ధ తప్ప మరో కారణం కనబడదు.

ఇటీవల అనేక చిన్న దుకాణాలు, సంఘాలు సొంత పుటను మానుకుని ఫేస్‌బుక్‌లోనూ, 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లోనూ సరిపెట్టుకుంటున్నాయి. ఖర్చు లేని ఆ మార్గాన్ని తప్పుపట్టనవసరం లేదు గాని, పరాయి చోట కట్టుకున్న గూటి ఆయుష్షు ఆ చోటి యజమాని చేతిలో ఉంటుంది. యాహూ 1999లో కొన్న జియోసిటీస్‌ను 2009 అక్టోబరులో మూసివేసినప్పుడు స్వచ్ఛంద సేవకులు నకలు తీసి దాచినవే మిగిలాయి. ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమం 2014లో, యాహూ గ్రూప్స్ అనే చర్చాబృందాల సేవ 2020లో మూతపడ్డాయి. కాబట్టి తెలుగు సంఘాలు, గ్రంథాలయాలు, చేతివృత్తుల సహకార సంస్థలు తమ పేరు, ఊరు, వేళలు, ఫోను నంబరు బొమ్మలో కాక అక్షరాలలో ఉండే ఒక సొంత పుటను నిలుపుకోవాలి. పాత ఫాంట్లలో చిక్కుకున్న తమ సంచికలను, ఆ ఫాంట్ల ఫైళ్ళు ఇంకా దొరుకుతున్నప్పుడే, యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచుకోవాలి.