అమెరికా వలస చట్టాల్లో కుటుంబ పునరేకీకరణ

అమెరికా పౌరులు, గ్రీన్ కార్డుదారులు తమ దగ్గరి బంధువులను శాశ్వత నివాసానికి రప్పించుకునేందుకు అక్కడి చట్టం కల్పించిన ఏర్పాటును కుటుంబ పునరేకీకరణ అంటారు. ఆ దేశం ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఎక్కువ భాగం ఈ దారిలోనే వెళ్తాయి.

భారతీయులకు ఈ దారి చాలాకాలం మూసే ఉంది. 1917 చట్టం భారతదేశంతో సహా ఆసియాలో అధిక భాగాన్ని నిషిద్ధ మండలం చేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. దేశాలవారీ కోటాలు పెట్టిన 1924 చట్టం పౌరుల భార్యలను, 18 ఏళ్ల లోపు పిల్లలను ఆ లెక్క నుంచి మినహాయించింది. పౌరసత్వమే దక్కనివాళ్లకు అది ఉన్నా లేనట్టే. 1946లో లూస్-సెల్లర్ చట్టం పౌరసత్వ హక్కునైతే ఇచ్చింది కానీ, భారతదేశానికి విదిల్చిన కోటా ఏడాదికి 100.

అసలు మలుపు 1965 నాటి హార్ట్-సెల్లర్ చట్టం. ప్రభుత్వం తెచ్చిన బిల్లులో వృత్తి నైపుణ్యానికి పెద్దపీట ఉండేది. ప్రతినిధుల సభలో మైకేల్ ఫీగన్ పట్టుబట్టి బంధుత్వాన్ని ముందుకు తెచ్చాడు. జనాభాలో అత్యధికులు యూరప్ సంతతివారు కాబట్టి వచ్చే చుట్టాలూ వాళ్లే అవుతారని అప్పటి అంచనా. ఆ ఏడాది అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర సంతకం చేస్తూ అధ్యక్షుడు జాన్సన్ కూడా ఇదేమీ విప్లవాత్మకమైన చట్టం కాదన్నాడు. అంచనా పూర్తిగా తలకిందులైంది. నైపుణ్య కోటాలో వెళ్లిన ఆసియా డాక్టర్లు, ఇంజనీర్లు, వాళ్లలో తెలుగువాళ్లూ, పౌరులయ్యాక తమవాళ్లను పిలిపించుకున్నారు.

తల్లిదండ్రుల విషయంలో ఈ చట్టం ఉదారమైనదే. 21 ఏళ్లు నిండిన పౌరుడు అమ్మానాన్నల కోసం దరఖాస్తు చేస్తే సంఖ్యా పరిమితి ఉండదు. గ్రీన్ కార్డుదారుకు మాత్రం ఆ హక్కు బొత్తిగా లేదు. అతను భార్యను, పెళ్లికాని పిల్లలను మాత్రమే పిలవగలడు. పైగా 1996 నాటి చట్టం ప్రకారం, రప్పించుకునేవారు తమ ఆదాయం దారిద్ర్యరేఖకు కనీసం 125 శాతం ఉందని చూపి, పోషణకు హామీపత్రం రాయాలి. మన ఊళ్ల నుంచి కోడలి పురిటికో, మనవల ఆలనాపాలనకో వెళ్లే పెద్దవాళ్లు చాలామంది విజిటర్ వీసా మీద ఆరు నెలలుండి తిరిగొచ్చేది ఇందుకే.

పిల్లల సంగతి ఇంకా చిక్కు. పెళ్లికాకుండా, 21 ఏళ్లు నిండకుండా ఉంటేనే చట్టం దృష్టిలో పిల్లలు. 1990 చట్టం ప్రకారం, పరిమితి ఉన్న వర్గాల గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతం మించకూడదు. అందువల్ల హెచ్-1బి తాత్కాలిక ఉద్యోగ వీసాపై ఉన్న భారతీయుల గ్రీన్ కార్డు వరుస ఏళ్ల తరబడి కదలదు. ఈలోపు పిల్లల వయసు ఆగదు కదా. 2002లో వచ్చిన బాలల హోదా రక్షణ చట్టం పౌరుల పిల్లలకు దరఖాస్తు నాటి వయసునే ఖాయం చేసింది. మిగతావాళ్లకు దరఖాస్తు పరిశీలనలో గడిచిన కాలాన్ని మాత్రమే వయసులోంచి తీసేస్తుంది, వరుసలో గడిచిన ఏళ్లను కాదు. చంకనెక్కి అమెరికా చేరి, అక్కడే చదివిన పిల్లలు 21 నిండగానే హెచ్-1బి ఉద్యోగి పిల్లలుగా దక్కిన హెచ్-4 హోదా కోల్పోయి, స్టూడెంట్ వీసాకు మారడమో దేశం విడవడమో తేల్చుకోవాలి. దీన్ని సరిదిద్దడానికి 2021లో ప్రవేశపెట్టిన అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ బిల్లు ఆ కాంగ్రెస్‌లో చట్టం కాలేదు.