రాజ్–కోటి పాటలు, మీటల పెట్టె

నేడు నేను ప్రసంగింపబూనినది రాజులను గూర్చియు కాదు, కోటలను గూర్చియు కాదు. రాజ్–కోటి యను జంటపేరుతో 1983 మొదలు 1994 వఱకు తెలుగు చలనచిత్రములకు పాటలు కట్టిన యిద్దఱు సంగీతకారులను గూర్చి. చరిత్ర యనిన శాసనములును యుద్ధములును మాత్రమే యని తలంచువారు కొందఱుందురు. టేకుమట్ల వంటి యూరిలో నలుబదియేండ్ల క్రిందట పెండ్లిపందిట నేమి మ్రోగెనో, నేడేమి మ్రోగుచున్నదో, ఆ మార్పు ఎట్లు వచ్చెనో తెలిసికొనుటయు చరిత్రయే యని నా నమ్మకము. నేను వారి పాటల కభిమానిని. ఆ సంగతి దాచుకొనుట న్యాయము గాదు గనుక ముందే చెప్పుచున్నాను. నా మాటలలో నెచ్చటనైన మొగ్గు కనబడినచో పెద్దలు దానిని కొంత తగ్గించి గ్రహింతురు గాక.

వారిపై నొక నేరము మోపబడినది. పాటను యంత్రమున కప్పగించిరనునదే ఆ నేరము. దానిని నేను మొదట వినినది మా యింటనే. టేకుమట్ల 2016లో మండలకేంద్రమైనది గాని, నేను చెప్పునాటికి వరంగల్లు జిల్లాలో చిట్యాల మండలమునకు చెందిన పల్లె. 1988లో 'యముడికి మొగుడు' పాటల కేసెట్టును పరకాలలో కొనితెచ్చి యింట మ్రోగించితిని. అరుగుపై కూర్చున్న మా పెద్దబాపు రెండు పాటలు వినెను. "గిదేం పాటరా, డబ్బల రాళ్లేసి ఊపినట్టు? గా సన్నాయి ముంగట ఇది ఆగుతదా?" అని కండువా దులుపుకొని లేచిపోయెను. ఆయన సన్నాయి యెఱిగినవాడు, ఏ మేళగాడు ఎక్కడ ఊపిరి తీసికొనునో చెప్పగలవాడు. అట్టివాని మాటను త్రోసిపుచ్చుటకు నాకు మనసొప్పలేదు. దానికి జవాబు వెదకుచునే నేనీ చరిత్రలో పడితిని.

ఆ డబ్బాకు సింథసైజరని పేరు. మన హార్మోనియమునకున్నట్టి మెట్లే దానికిని గలవు గాని లోపల తిత్తి లేదు, ఇత్తడి రేకులు లేవు. హార్మోనియమున తిత్తి యూదిన గాలి రేకును కదలించును. ఆ కదలికయే నాదము. ఇందు గాలికి బదులు విద్యుత్ప్రవాహము ఊగును. సెకనునకు 440 మారులు ఊగినచో నొక స్వరము. 880 మారులు ఊగినచో నదే స్వరము పైస్థాయిలో పలుకును. ఆ ఊపును పెద్దదిచేసి స్పీకరునకు పంపిన చెవికి వినవచ్చును. ఊగు తీరు మార్చినకొలది నాదము మారును. ఒక తీరున పిల్లనగ్రోవి, ఒక తీరున గంట, ఇంకొక తీరున మునుపెన్నడును భూమిపై వినబడని వింతచప్పుడు.

అమెరికా దేశమున రాబర్ట్ మూగ్ అను నతడు 1964లో దీనిని సంగీతజ్ఞుల కందునట్లు చేసెను. 1968లో జర్మనీవారి పాతకాలపు సంగీతాచార్యుడైన బాఖ్ కృతులను దీనిపై వాయించిన రికార్డొకటి వెలువడి విశేషముగా నమ్ముడయ్యెను. 1974లో క్రాఫ్ట్‌వెర్క్ అను జర్మను బృందము పెద్దరోడ్డుపై కారు ప్రయాణమునే పాటగా కట్టి, ఇరువదిరెండు నిమిషములకు మించి సాగదీసినది. ఆ పిమ్మట ఇంగ్లండులో నిద్దఱు ముగ్గురు కుఱ్ఱవాండ్రు జట్టుకట్టి, ఒకడు పాడుటయు నొకడు మీటలు నొక్కుటయుగా పాటలు చేయు వాడుక ప్రబలెను. దానికి సింథ్‌పాప్ అని పేరుపెట్టిరి. తీగల వరుసలు లేవు, మృదంగము లేదు. ఇద్దఱు మనుష్యులు, ఒక పెట్టె. మన రాజ్–కోటి జంటను నేనా వరుసలో నుంచుట పలువురకు నచ్చకపోవచ్చును. వారిది బృందము గాదు, సినిమా పని. అయినను ఆ యేండ్లలో మా యీడువారికి తెలుగున నా రుచి చూపినవారు వీరే.

ఆ శబ్దము మన చెవికి అప్పుడే క్రొత్తగా సోకెననుట మాత్రము నిజము కాదు. 1954లో 'నాగిన్' అను హిందీ చిత్రము వచ్చినది. సంగీతము హేమంతకుమారుగారిది. అందలి పాములవాని నాగస్వరము దేశమెల్ల తిరిగినది. మన పల్లెల పెండ్లి బ్యాండువారును దానిని కంఠస్థము చేసిరి. ఊరేగింపులో నది యెత్తుకొన్న తోడనే పిల్లలు పడగలు విప్పి యాడనివారు లేరు. అది నాగస్వరమే కాదు! కల్యాణ్‌జీ యను సంగీతకారుడు క్లావియొలిన్ అను విద్యుద్వాద్యముపై పలికించినది. డబ్బా పాటలు వలదని లేచిపోయిన మా పెద్దబాపునకు ఆ పాము పాట ప్రాణము. ఆ సంగతి నాకు తెలియునప్పటికి ఆయన లేడు.

హార్మోనియము కథయు నిట్టిదే. అది ఐరోపానుండి వచ్చిన పెట్టె. అయినను మన పౌరాణిక నాటకములలో పద్యమెత్తుకొనుటకు, భజనలలో శ్రుతి నిలుపుటకు అది లేనిదే జరుగదనునంతగా మన యింటిదైనది. అట్టిదానిని ఆలిండియా రేడియోవారు 1940లో వెలివేసి 1971 వఱకు రానీయలేదు. గమకము పలుకని పెట్టె యని వారి యాక్షేపము. ఆ ముప్పదియొక్క యేండ్లును పల్లెలలో హార్మోనియము యథాప్రకారము మ్రోగుచునే యుండెను! ఫిడేలును కర్ణాటక సంగీతమున ప్రవేశపెట్టినవాడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. అదియు విదేశమునుండి వచ్చినదే.

ఇక అసలు కథకు వత్తును. రాజ్ గారి పూర్తిపేరు తోటకూర సోమరాజు. తండ్రి టి.వి. రాజు గారు. 'జయసింహ', 'పాండురంగ మహాత్మ్యము' చిత్రముల పాటలు విన్న పెద్దల కాయనను పరిచయము చేయ పనిలేదు. కోటి గారి పూర్తిపేరు సాలూరి కోటేశ్వరరావు. తండ్రి సాలూరి రాజేశ్వరరావుగారు. 1935లో 'శ్రీకృష్ణలీలలు' చిత్రమున బాలకృష్ణుడై పాడి, పిదప గ్రామఫోను పళ్లెములపై లలితగీతములు పాడి, 1951లో 'మల్లీశ్వరి', 1955లో 'మిస్సమ్మ' చిత్రములకు సంగీతము కూర్చిన మహానుభావుడు. 'జయసింహ'యు 1955లోనిదే. ఒక్క సంవత్సరమున నిద్దఱు తండ్రులును పల్లెపల్లెకు వినవచ్చిరి. ఇంచుమించు ముప్పదియేండ్లకు వారి కొడుకులు జంటకట్టిరి. 1973లో టి.వి. రాజుగారు గతించుటచే రాజ్ చిన్నవయసుననే తన త్రోవ తాను చూచుకొనవలసివచ్చెను. ఇద్దఱును చక్రవర్తిగారి యొద్ద పనిచేసి, 1983లో 'ప్రళయగర్జన'తో తమ పేరున పాటలు కట్టుట మొదలిడిరి.

ఆ 1983 గుర్తుంచుకొనదగిన యేడు. వేఱువేఱు కంపెనీల మీటల పెట్టెలు ఒకదానితో నొకటి మాటలాడుకొను మిడి యను భాష పుట్టినదియు, జపానువారి యమహా డీఎక్స్7 అను పెట్టె బజారునకు వచ్చినదియు నా యేడే. అంతకుముందు సింథసైజరనిన ధనికుల స్టూడియో సొత్తు. అటుపిమ్మట పనివాని చేతికందెను. మద్రాసులో నట్టి పరికరములను మొదట సమకూర్చుకొన్నవారిలో ఆర్.కె. శేఖర్ గారొకరు. ఆయన 1976లో మరణింపగా, ఇంటివారు ఆ వాద్యముల నద్దెకిచ్చి సంసారము గడుపుకొనిరి. ఆ యింటి పిల్లవాడు దిలీప్‌కుమారు. ఎందఱో సంగీతదర్శకుల యొద్ద మీటలు వాయించి, రాజ్–కోటి యొద్దను పనిచేసెను. ఆ దిలీపే పిదప ఏ.ఆర్. రహమాన్. 1992లో 'రోజా' వచ్చినప్పుడు లోకము విస్తుపోయినది గాని, రాజ్–కోటి కేసెట్లు అరుగునట్లు విన్న మా బోంట్లకా నాదములలో కొన్ని తెలిసిన చుట్టములవలెనే తోచినవి.

వారి పాటలను నేనెట్లు విందునో చెప్పెదను. 1988లోని 'ఖైదీ నెం. 786' చిత్రమున 'గువ్వా గోరింకతో' అను పాట కలదు. భువనచంద్రగారి రచన, బాలసుబ్రహ్మణ్యముగారును జానకమ్మగారును పాడిరి. అడుగున యంత్రపు దరువు గడియారమువలె పోవును, తొట్రుపాటు లేదు, అలసట లేదు. అలసట లేని వాద్యము వినువారి నలయించును. అది దాని దోషము. ఈ జంట యేమి చేసెననగా, అడుగును యంత్రమునకు విడిచి, పైభాగమంతయు మనుష్యుల కిచ్చెను. బాలుగారు దరువుతో నాటలాడుదురు. ఒక మాటను లాగి, ఒకచోట నవ్వి, దరువు తనను దాటిపోవునేమో యని మనము జంకుచుండగా సమయమునకు వచ్చి నిలుతురు. జానకమ్మగారు ఇంకను గడుసు. గట్టు నిలకడగా నుండుటచేతనే వాగు వంపులు కనబడినట్లు, యంత్రము కదలకుండుటచేతనే ఆ గొంతుల కదలిక తెలియవచ్చును. 'ముఠామేస్త్రి' (1993) కూరగాయల మార్కెట్టు హమాలీల కథ. అందు నా దరువే సంతగోలగా మారును. 'గోవిందా గోవిందా' (1994)లో సీతారామశాస్త్రిగారు వ్రాసిన 'అమ్మ బ్రహ్మదేవుడో' పాటలో నదే పెట్టె గొంతు తగ్గించుకొని, చేతులు కట్టుకొని నిలుచును. ఆ పాట రాత్రివేళ వినవలసినది.

అన్నియు నిట్టివే యనను. ఆ పదునొకండేండ్లలో నూటికి పైబడిన చిత్రములకు పాటలు కట్టిరి. అంత పనిలో పొల్లు తప్పదు. ఒక సినిమా దరువే పేరు మార్చుకొని మఱియొక సినిమాలో దిగుట నేను పలుమారు విన్నాను. యంత్రమున దాచిన తాళమును మఱల నొక్కుట సులువు. సులువైన పనిని మనుష్యుడు మానడు.

ఇక పెద్దబాపు ప్రశ్న: సన్నాయి ముందిది నిలుచునా? దీనికి మా యూరి బ్యాండుమేళమువారే జవాబు చెప్పిరని నాకు తోచును. వారు స్వరము వ్రాసికొని నేర్చువారు కారు. టేపురికార్డరు ముందు కూర్చుండి, కేసెట్టును వెనుకకు త్రిప్పి త్రిప్పి, క్లారినెట్టుపై పాట పట్టువారు. యంత్రపు హంగు వారి చేతికి రాదు. అడుగు దరువు రాదు. వచ్చునది వరుస యొక్కటే. రాజ్–కోటి వరుసలలో పెక్కింటిని వారు పెండ్లి ఊరేగింపులలో వాయించిరి. దీపాల వెలుగున క్లారినెట్టును డోలును మాత్రమే తోడుగా ఆ వరుసలు నడిచినవి, జనము గుర్తుపట్టి యాడిరి. పెట్టెను తీసివేసినను పాట మిగిలెను. తండ్రుల యింట వినుచు పెరిగిన ఫలమది యని నా యభిప్రాయము.

అయితే ఈ కథకు రెండవ వైపు కలదు. దానిని దాటవేసినచో నేను అభిమానినే గాని చరిత్ర చెప్పువాడను గాను. రాజేశ్వరరావుగారి కాలమున నొక పాటకు పదులకొలది వాద్యకారులు ఒకేచోట కూర్చుండెడివారు. ఒక్కని విల్లు తప్పినచో అందఱును మొదటినుండి వాయింపవలెను. మీటల పెట్టె వచ్చినపిమ్మట ముప్పది ఫిడేళ్ల నాదమును ఒక్క మనుష్యుడు రెండు చేతులతో పలికింపసాగెను. నిర్మాతకు ఖర్చు తగ్గినది. ఆ ముప్పదిమంది యిండ్లలో పొయ్యి యెట్లు వెలిగెనో పాట విన్న మనమెవ్వరము నడుగలేదు. మద్రాసున మొదలైన ఆ కొఱత మన పల్లెకును వచ్చినది. నేను పొగడిన బ్యాండువారికే నేడు పిలుపులు తక్కువ. ఒక బండిపై నాలుగు పెద్ద పెట్టెలెత్తి డీజే పెట్టిన చాలునని పెండ్లివారనుచున్నారు. మా మేళములో క్లారినెట్టు పట్టిన యొకడు కూలికి పోవుచున్నాడు. "పాట తెల్వక కాదు బాపు, పిలిచేటోళ్లు లేక" అని నాతో ననెను. ఈ దోషమును రాజ్–కోటి నెత్తిన మోపుట ధర్మము గాదు. వారు మోపక పోయినను ఇంకొకరు మోసెడివారు ఆ పెట్టెను. కాని వారి పాటలు వినునప్పుడెల్ల అతని మాట నా చెవిలో పడుచునే యుండును.

1994లో 'హలో బ్రదర్' వచ్చినది. జంట చివరి చిత్రములలో నదియొకటి. హిందీలో 1997న 'జుడ్వా'గా మఱల తీయబడెను. ఆ కాలముననే యిద్దఱును విడిపోయిరి. 1995లో కోటి 'పెదరాయుడు'నకు, రాజ్ 'సిసింద్రీ'కి వేఱువేఱుగ పాటలు కట్టిరి. రెండును జనము మెచ్చినవే. అయినను ఇద్దఱును కలిసినప్పటి యా బిగువు నాకు మఱల వినబడలేదు. పిదప కోటిగారు 'నువ్వే కావాలి' (2000), 'అరుంధతి' (2009) వంటి చిత్రములు చేసిరి. రాజ్ గారు తక్కువగా చేసిరి. 2023 మే 21న హైదరాబాదులో గతించిరి. అంతకుముందే, 2015లో 'సుబ్రమణ్యం ఫర్ సేల్' అను చిత్రమున గువ్వా గోరింకల పాటను, 2016లో 'సుప్రీమ్' అను చిత్రమున 'యముడికి మొగుడు'లోని 'అందం హిందోళం' పాటను క్రొత్త యంత్రముల దరువుతో మఱల వాడుకొనిరి. దరువు పాతబడినదని తీసివేసిరి గాని వరుస జోలికి పోలేదు.

వినగోరు పెద్దలకు నాదొక సూచన. మనుమల చేతిలోని ఫోనుపై నీ పాటలన్నియు దొరకును. మొదట 'అమ్మ బ్రహ్మదేవుడో' పెట్టించుకొనుడు, పిదప గువ్వా గోరింకల పాట వినుడు. ఫోను స్పీకరులో అడుగు దరువు సరిగా వినబడదు. కొంచెము పెద్ద పెట్టె దొరకినచో దానికి తగిలించుడు. మొదటిసారి గొంతులను వినుడు; రెండవసారి గొంతులను విడిచి క్రిందనేమి నడచుచున్నదో వినుడు.